బోరు పెరిగితే వేట దూరం పెరుగుతుందా?

క్లుప్తంగా: .50 (అంటే గొట్టం రంధ్రం అరంగుళం) లాంటి పెద్ద బోరు రైఫిళ్లతో కిలోమీటరు దూరం నుంచి వేటాడటం మీద అమెరికాలో చాలా ఏళ్లుగా వాదన నడుస్తోంది. పెద్ద గుండుకు శక్తి ఎక్కువ, గాలికి పక్కకు జరగడం తక్కువ. కానీ గుండు గాల్లో ఉండగా జంతువు వేసే అడుగునూ, కాల్చేవాడి చేతి తప్పునూ అది సరిచేయలేదు. చట్టాలు బోరునూ బరువునూ కొలుస్తున్నాయి. అసలు తగవు మాత్రం దూరం గురించి.

మన ఊళ్లలో తుపాకీ అనగానే గుర్తొచ్చేది 12 బోరు. దాని గొట్టం రంధ్రం దాదాపు 18.5 మిల్లీమీటర్లు. అమెరికాలో ఇంత రభసకు కారణమైన .50 క్యాలిబర్ రైఫిల్ రంధ్రం 12.7 మిల్లీమీటర్లే. నోరు పెద్దది మన 12 బోరుదే అన్నమాట. అయినా అందులో సీసం పూసల తూటా వేసి కాలిస్తే నలభై, యాభై గజాలు దాటేసరికి దాని పని అయిపోతుంది. .50 గుండు వెయ్యి గజాల అవతల కూడా, మామూలు వేట రైఫిల్ మూతి దగ్గర ఉండే శక్తికి రెట్టింపుతో దూసుకుపోతుంది. రంధ్రం సైజుకూ అందుకునే దూరానికీ నేరుగా సంబంధం లేదనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

అమెరికా పడమటి రాష్ట్రాల్లో లోయకు ఈ గట్టున కూర్చుని ఆ గట్టున ఉన్న ఎల్క్‌ను కొట్టే వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు. ఎల్క్ అంటే మన కణుజు కంటే పెద్ద దుప్పి. ఆ వీడియోల్లో కొన్నిటిలో కనిపించేది .50 బీఎంజీ (బ్రౌనింగ్ మెషిన్‌గన్) తూటా. అది మొదట్లో విమానాలనూ కవచం తొడిగిన వాహనాలనూ ఎదుర్కోవడానికి పుట్టిన మెషిన్‌గన్ తూటా. దాంతో దుప్పిని కొట్టడమేమిటని ఒక పక్షం అడుగుతోంది. తగిలిన జంతువు విలవిల్లాడకుండా అక్కడికక్కడే పడాలంటే శక్తి ఎక్కువుండటమే మేలు కదా అంటోంది రెండో పక్షం. రెండు పక్షాలూ బోరు దగ్గరే ఆగిపోతున్నాయి.

గుండును అంత దూరం మోసేది ఏమిటి

ముందు రెండు మాటలు విడదీసుకోవాలి. ఇత్తడి ఖోళీ, అందులో మందు, అడుగున క్యాప్, మూతిలో గుండు, ఇవన్నీ కలిస్తే తూటా. గొట్టం నుంచి బయటికెళ్లేది గుండు ఒక్కటే. బయటపడిన క్షణం నుంచి దానికి తోసే బలం ఉండదు. గాలి వెనక్కి పట్టి లాగుతుంటుంది, భూమి కిందికి లాగుతుంటుంది.

గాలి ఎంత పట్టి లాగుతుందనేది గుండు ముఖం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. దానికి లొంగకుండా ముందుకు పోయే శక్తి గుండు బరువును బట్టి ఉంటుంది. ఒక గుండును పొడవు, వెడల్పు, ఎత్తు అన్నిటా రెట్టింపు చేశామనుకుందాం. ముఖం నాలుగింతలవుతుంది, బరువు ఎనిమిదింతలవుతుంది. పెద్ద గుండుకు వచ్చే లాభమంతా ఈ తేడాలోనే ఉంది. దానికి ఆకారం కూడా తోడవ్వాలి. ముందు సూదిలా, వెనక పడవ తోకలా సన్నబడి పొడుగ్గా ఉంటే గాలిని బాగా చీలుస్తుంది. బరువూ ఆకారమూ కలిపి వేసే లెక్కకు బాలిస్టిక్ కోఎఫిషెంట్ అని పేరు. .308 విన్‌చెస్టర్ అనే మామూలు వేట తూటాలో వాడే 168 గ్రెయిన్ల (సుమారు 11 గ్రాముల) గుండుకు అది సుమారు 0.45. .50లో వాడే 750 గ్రెయిన్ల (దాదాపు 49 గ్రాముల) పొడుగు గుండుకు 1 పైచిలుకు. ఈ అంకె ఎంత పెద్దదైతే గుండు వేగం అంత నెమ్మదిగా తగ్గుతుంది.

పెద్ద బోరు రైఫిళ్లన్నీ ఒక జాతి కావని గమనించాలి. ఆఫ్రికాలో ఏనుగులు, అడవి దున్నల కోసం బ్రిటిష్ తుపాకుల కంపెనీలు చేసిన .470 నైట్రో ఎక్స్‌ప్రెస్, 1911 నాటి .416 రిగ్బీ కూడా పెద్ద బోరువే. వాటి గుండ్లు బరువైనవి, మొద్దు ముక్కువి. మీదికి ఉరికే జంతువును ముప్పై, నలభై గజాల్లో ఆపడం వాటి పని. వాటిని తీసుకొచ్చి వెయ్యి గజాలు కొట్టమంటే, ఎడ్లబండిని హైవే ఎక్కించినట్టే. దూరానికి పనికొచ్చేవి వేరే కుటుంబం: .338 లపువా మాగ్నమ్, .408 షైటాక్, .416 బారెట్, .50 బీఎంజీ. వీటిలో ఏదీ వేట కోసం పుట్టలేదు. అన్నీ సైన్యం అవసరాల నుంచో, దూరం గురి చూసి కొట్టే స్నైపర్ల అవసరాల నుంచో వచ్చినవే.

ఈ వాదన 150 ఏళ్ల పాతది

పెద్ద బోరుతో దూరం నుంచి వేట అనే ఆలోచన మొదట విస్తృతంగా అమలైంది 1870లలో, అమెరికా మైదానాల్లో. అప్పటికి ఉన్నది పొగ వచ్చే నల్లని తుపాకీ మందు. దాంతో గుండు వేగం సెకనుకు 1,400 అడుగుల దగ్గరే ఆగిపోయేది, ఎంత మందు దట్టించినా పెద్దగా పెరిగేది కాదు. వేగం పెంచలేనప్పుడు శక్తి పెంచడానికి ఒకటే దారి: గుండు లావు చేయడం, బరువు చేయడం. 1872లో షార్ప్స్ కంపెనీ తెచ్చిన .50-90 తూటా అలా పుట్టింది. వేటగాళ్లు దాన్ని ‘బిగ్ ఫిఫ్టీ’ అనేవారు. కొన్ని షార్ప్స్ రైఫిళ్లు 16 పౌండ్ల దాకా, అంటే ఏడు కిలోలకు పైగా తూగేవి. రెండు కర్రలు అడ్డంగా కట్టి, వాటి మీద గొట్టం ఆనించి, రెండు మూడు వందల గజాల నుంచి బైసన్ (అమెరికా అడవి దున్న) మందను కొట్టేవారు. అంత దూరం నుంచి కాలిస్తే మంద బెదిరి పారిపోదు. ముందు నడిచే ఆవును పడగొడితే మిగతావి దిక్కుతోచక అక్కడక్కడే తిరుగుతుంటాయి. ఒక్కచోట కూర్చున్న మనిషి పదుల కొద్దీ పడగొట్టగలిగేవాడు.

1874లో టెక్సస్‌లోని అడోబీ వాల్స్ దగ్గర జరిగిన పోరాటంలో బిల్లీ డిక్సన్ అనే బైసన్ వేటగాడు షార్ప్స్‌తో 1,538 గజాల దూరంలోని మనిషిని కొట్టాడని చెబుతారు. అది గురి కాదు, అదృష్టమేనని డిక్సన్ స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ మాటను మరిచిపోయి దూరాన్ని మాత్రమే గుర్తుపెట్టుకునే అలవాటు అప్పటి నుంచే ఉంది.

చర్మాల గిరాకీ, రైలు మార్గాలు, ఈ రైఫిళ్లు కలిసి కోట్లలో ఉన్న బైసన్లను 1880ల చివరికి వెయ్యికి అటూఇటూగా మిగిల్చాయి. ఆ విధ్వంసం చూశాకే 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ తదితరులు బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ పెట్టారు. జంతువుకు తప్పించుకునే న్యాయమైన అవకాశం ఉండాలన్న ‘ఫెయిర్ చేజ్’ సూత్రం ఆ క్లబ్బు ద్వారానే బలపడింది. ఇవాళ్టి చర్చలో రెండు పక్షాలూ ఎక్కువగా పలికే మాట అదే.

ఇంతలో ఫ్రాన్స్‌లో పొగలేని మందు వచ్చింది. 1886 నాటి లెబెల్ రైఫిల్ 8 మిల్లీమీటర్ల సన్నని గుండును అంతకుముందు ఊహించని వేగంతో పంపింది. శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి లావు గుండు అవసరం తగ్గిపోయింది. తర్వాతి నూరేళ్లు అమెరికా వేటగాడి చేతిలో ఉన్నది .30-06 లాంటి మధ్యరకం బోరే. దాంతో మూడు వందల గజాలంటేనే దూరపు షాట్.

యుద్ధం నుంచి కొండల్లోకి

.50 బీఎంజీ మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో జాన్ బ్రౌనింగ్ చేతిలో రూపుదిద్దుకుంది. .30-06 తూటానే అన్ని కొలతల్లోనూ పెంచితే వచ్చే ఆకారం దానిది. ఆరు దశాబ్దాల పాటు అది మెషిన్‌గన్ తూటాగానే ఉంది. 1982లో టెనెసీ రాష్ట్రంలో రానీ బారెట్ అనే వ్యక్తి దాన్ని భుజానికి ఆనించి కాల్చగల సెమీ ఆటోమేటిక్ రైఫిల్ తయారు చేశాడు. 1985లో .50 షూటర్ల సంఘం ఏర్పడి వెయ్యి గజాల పోటీలు పెట్టడం మొదలైంది. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా సైన్యం ఆ రైఫిళ్లను వాడింది. ఆ తర్వాత అఫ్ఘానిస్థాన్‌లో రెండు కిలోమీటర్లు దాటిన స్నైపర్ షాట్లు పత్రికల కెక్కాయి.

రైఫిల్ ఒక్కటే అయితే కొండల్లో ఇంత మార్పు వచ్చేది కాదు. 1990ల నుంచి లేజర్ రేంజ్ ఫైండర్లు మామూలు వేటగాడికి అందుబాటులోకి వచ్చాయి. బటన్ నొక్కితే దూరం గజాల్లో కనిపిస్తుంది. గాలి వేగం, ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి కొలిచే చేతి పరికరాలు వచ్చాయి. వాటి అంకెలు ఫోన్‌లోని యాప్‌కి ఇస్తే స్కోప్ (రైఫిల్ మీది గురి దుర్బిణి) డయల్ ఎన్ని క్లిక్కులు తిప్పాలో చెబుతుంది. ఒకప్పుడు పదేళ్ల అనుభవం ఇచ్చే అంచనాను ఇప్పుడు పరికరాలు అర నిమిషంలో ఇస్తున్నాయి. అనుభవం చెప్పే ‘వద్దు’ అనే మాట మాత్రం యాప్‌లో ఉండదు.

వెయ్యి గజాల షాట్, విడదీసి చూస్తే

ఒక షాట్‌ను దగ్గర పెట్టుకుని చూద్దాం. లోయ అవతల, సరిగ్గా వెయ్యి గజాల్లో, అంటే 914 మీటర్లలో, ఒక మగ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడి ఉంది. దెబ్బ తగలాల్సింది గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట. ఆ చోటు వెడల్పు అడుగు నుంచి అడుగున్నర. మామూలు జింకలకైతే ఎనిమిది, పది అంగుళాలే.

మొదటిది రైఫిల్ ఖచ్చితత్వం. వంద గజాల్లో కాల్చిన గుండ్లన్నీ ఒక అంగుళం వలయంలో పడితే మంచి రైఫిల్ అంటారు. అదే రైఫిల్ వెయ్యి గజాల్లో పది అంగుళాల వలయం చేస్తుంది. గాలి లేదు, చెయ్యి వణకలేదు, దూరం కచ్చితంగా తెలుసు అనుకున్నా ఆ పది అంగుళాలు ఉంటాయి. సైన్యం రకం తూటాలతో సెమీ ఆటోమేటిక్ .50 రైఫిళ్లు వంద గజాలకు రెండు మూడు అంగుళాలు చెదిరిపోవడం మామూలే. ఆ లెక్కన వెయ్యి గజాలకు అది ఇరవై నుంచి ముప్పై అంగుళాలు. సినిమాల్లో కనిపించే ఆ రైఫిల్ కంటే బోల్టు లాగి ఒక్కో తూటా కాల్చే .50లు ఈ విషయంలో చాలా మెరుగు.

రెండోది పతనం. వంద గజాలకు సరిచేసుకున్న రైఫిల్‌తో కాలిస్తే .308 గుండు వెయ్యి గజాలకు 30 అడుగులకు పైగా కిందికి జారుతుంది. .50 గుండు సుమారు 20 అడుగులు. ఎంత జారుతుందో ముందే తెలుసు కాబట్టి డయల్ తిప్పి సరిచేయవచ్చు. దూరం తప్పుగా కొలిస్తేనే చిక్కు. ఎల్క్‌ను కాకుండా దాని వెనక పొదను లేజర్ కొలిచి ఇరవై గజాలు ఎక్కువ చూపిందంటే .50లో ఏడెనిమిది అంగుళాల తేడా, .308లో సుమారు అడుగున్నర తేడా వస్తుంది.

మూడోది గాలి, అన్నిటికంటే మొండిది. పక్క నుంచి గంటకు 16 కిలోమీటర్ల గాలి వీస్తుంటే .308 గుండు వెయ్యి గజాలకు తొమ్మిది, పది అడుగులు పక్కకు జరుగుతుంది. .50 గుండు మూడడుగులే. కాల్చేవాడు గాలి అంచనాలో మూడో వంతు తప్పాడనుకుందాం. .308 గుండు మూడడుగుల పక్కకు పోతుంది. అంటే పొట్టలోనో తొడలోనో తగిలి జంతువు గాయంతో పారిపోతుంది, లేదా అసలు తగలదు. .50 గుండు అడుగు పక్కకు పోతుంది. అప్పుడూ తప్పే, కాకపోతే చిన్న తప్పు. పెద్ద బోరు వాదనలో గట్టి అంశం ఇదే. దీన్ని కొట్టిపారేయడానికి వీల్లేదు. అయితే లోయలో గాలి ఒకటి కాదు. ఈ గట్టున ఎడమ నుంచి, మధ్యలో పైకి, ఆ గట్టున కుడి నుంచి వీయవచ్చు. చేతిలోని పరికరం కొలిచేది ఈ గట్టు గాలిని మాత్రమే.

నాలుగోది కాలం. .50 గుండు ఆ వెయ్యి గజాలు పోవడానికి 1.3 సెకన్ల దాకా పడుతుంది, .308 గుండుకు 1.7 సెకన్ల పైన. మేస్తూ నడిచే ఎల్క్ సెకనుకు నాలుగు అడుగులకు పైగా కదులుతుంది. ట్రిగర్ నొక్కిన క్షణంలో అది నడక మొదలుపెట్టిందంటే, .50 గుండు చేరేసరికి దాని గుండె ఉన్న చోటు ఐదడుగుల అవతల ఉంటుంది. గుండు వచ్చేది పొట్ట దగ్గరికో, వెనక తొడ దగ్గరికో. అదే 200 గజాల్లో అయితే గుండు పావు సెకనులో చేరిపోతుంది, ఒక అడుగు తేడా వస్తుందేమో. ఇక్కడ బోరు చేయగలిగేది చాలా తక్కువ. 1.7 సెకన్లను 1.3 చేస్తుంది, అంతే. బుర్ర ఊపడానికీ, ఈగను తోలుకోవడానికి ఒళ్లు జాడించడానికీ ఎల్క్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఐదోది షాట్ తర్వాత సంగతి. చప్పుడు ఆ దూరానికి చేరడానికి దాదాపు 2.7 సెకన్లు పడుతుంది. తగిలిందో లేదో చూడాలంటే లోయలోకి దిగి అవతలి గట్టు ఎక్కాలి. దానికి గంట కూడా పట్టొచ్చు. ఆ గట్టు మీద నిలబడ్డాక కాల్చిన చోటి నుంచి చూసిన పొద, రాయి వేరేలా కనిపిస్తాయి. జంతువు సరిగ్గా ఎక్కడ నిలబడిందో, మొదటి రక్తపు చుక్క ఎక్కడ పడిందో వెతకడమే పెద్ద పని. అది దొరకలేదని ‘తగల్లేదు’ అనుకుని వెనక్కి తిరిగే అవకాశం దూరంతో పాటే పెరుగుతుంది.

శక్తి లెక్క

750 గ్రెయిన్ల .50 గుండు మూతి దగ్గర సుమారు 17,700 జౌల్స్ శక్తితో బయలుదేరుతుంది. .30-06కు అది 3,900 జౌల్స్. వెయ్యి గజాల తర్వాత కూడా .50 దగ్గర 8,500 జౌల్స్ పైనే మిగిలి ఉంటాయి. 2007 తర్వాత బాగా ప్రచారంలోకి వచ్చిన 6.5 క్రీడ్‌మూర్ చిన్న బోరే అయినా గురిలో చాలా మంచిది. వెయ్యి గజాలకు మాత్రం దాని శక్తి 900 జౌల్స్ దగ్గరికి దిగిపోతుంది. గురి ఉన్నా ఎల్క్ లాంటి పెద్ద జంతువును వెంటనే పడగొట్టే శక్తి చాలదు. ఈ రెండిటికీ మధ్యలో నిలిచేది .338 లపువా. అదే దూరంలో దానికి 2,500 జౌల్స్ మిగులుతాయి. దూరపు వేట పిచ్చి ఉన్నవాళ్లలో ఎక్కువమంది .50 దాకా పోకుండా .338 దగ్గరో, .300 మాగ్నమ్‌ల దగ్గరో ఆగడానికి కారణం ఈ లెక్కే.

శక్తి గురించి ఒక కట్టుకథ కూడా ఉంది: .50 గుండు పక్క నుంచి పోయినా చాలు, ఆ గాలి విసురుకే చెయ్యి తెగిపోతుందని. అందులో నిజం లేదు. తగలని గుండు దేన్నీ చంపదు.

తగిలినా శక్తి అంతా జంతువులోకి దిగుతుందని చెప్పలేం. వేట గుండు మెత్తగా ఉండి, లోపల పుట్టగొడుగులా విచ్చుకోవాలి. అలా విచ్చుకోవడానికి చాలా గుండ్లకు సెకనుకు 1,800 అడుగుల వేగమైనా ఉండాలి. అంతకంటే తగ్గితే గుండు సన్నని రంధ్రం చేసి అవతలికి పోతుంది. .50లో వేగం ఉంటుంది, కానీ దొరికే గుండ్లలో ఎక్కువ భాగం సైన్యానికో, టార్గెట్ పోటీలకో చేసినవి. రాగి తొడుగు పూర్తిగా ఉన్న సైనిక గుండ్లతో పెద్ద జంతువులను వేటాడటాన్ని చాలా రాష్ట్రాలు ఒప్పుకోవు. విచ్చుకునే .50 గుండు దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ.

దీనికి సీసం సమస్య తోడైంది. సీసం ముక్కలున్న కళేబరాలు తిని కాండోర్ రాబందులు చనిపోతున్నాయని కాలిఫోర్నియా 2019 జూలై నుంచి వేటలో సీసం తూటాలను పూర్తిగా నిషేధించింది. ప్రత్యామ్నాయం రాగి గుండు. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అంతే బరువు రావాలంటే గుండు పొడవవ్వాలి. పొడవైన గుండు నిలకడగా తిరగాలంటే గొట్టం లోపలి మెలికలు బిగువుగా ఉండాలి. పైగా రాగి విచ్చుకోవడానికి ఇంకాస్త వేగం కావాలి. ఫలితంగా దూరపు షాట్‌కు హద్దు మళ్లీ దగ్గరికి జరుగుతోంది.

మోయడం, తన్ను తట్టుకోవడం

.50 రైఫిల్ బరువు సాధారణంగా 11 నుంచి 16 కిలోలు. కొండ వేటకు వాడే మామూలు రైఫిల్ మూడు, మూడున్నర కిలోలు. అంత బరువు భుజాన వేసుకుని ఎల్క్ వెనక తిరగలేరు. బండి వెళ్లగలిగే చోట, ఒక గట్టు మీద దించి, రైఫిల్‌ను దాని స్టాండు కాళ్ల మీద నిలబెట్టి కూర్చోవాలి. కాబట్టి వేట పద్ధతిని నిర్ణయించేది రైఫిలే. జంతువు అడుగుజాడ పట్టుకుని పోవడం పోయి, కాపు కాసి దూరం కొలవడం మిగులుతుంది.

కాల్చినప్పుడు రైఫిల్ భుజాన్ని వెనక్కి తన్నే తన్ను తగ్గించడానికి గొట్టం చివర మజిల్ బ్రేక్ పెడతారు. అది వాయువును పక్కలకు తోస్తుంది. భుజానికి మేలే, పక్కన ఉన్నవాడి చెవులకు కాదు. నేల పొడిగా ఉంటే దుమ్ము లేచి ఎదురు కనిపించదు. గుండు ఎక్కడ పడిందో కాల్చినవాడే చూసుకోలేడు, ఇంకొకడు దూరదర్శినితో చూసి చెప్పాలి. తూటా ఒక్కోటి కొన్ని డాలర్లు పలుకుతుంది. అంత తన్ను, అంత ఖర్చు ఉన్న తూటాను రోజుకు యాభై కాల్చి సాధన చేసేవాళ్లు తక్కువ. సాధన ఎక్కువ కావాల్సిన పనికి సాధన తక్కువ చేయనిచ్చే పనిముట్టు, అదీ ఇక్కడి తిరకాసు.

తప్పిన గుండు ఎక్కడ ఆగుతుందన్నది కూడా ఆలోచించాల్సిందే. .50 గుండు గరిష్ఠంగా ఆరున్నర కిలోమీటర్లు దాటి పోగలదు. వెనక మట్టి కొండ లేకపోతే ఆ షాట్ ఎవరి ఇంటి వైపు పోతుందో చెప్పలేం.

చట్టం కొలిచేవి వేరు

ప్రపంచంలో చాలాచోట్ల వేట చట్టాలు బోరుకు కింది హద్దు పెడతాయి, పై హద్దు పెట్టవు. జర్మనీలో ఎర్ర దుప్పి లాంటి పెద్ద జంతువులకు కనీసం 6.5 మిల్లీమీటర్ల బోరు, వంద మీటర్ల దగ్గర 2,000 జౌల్స్ శక్తి ఉండాలి. కొలరాడోలో .24 కంటే చిన్న రైఫిల్‌తో ఎల్క్‌ను కొట్టకూడదు. ఆఫ్రికాలోని చాలా దేశాల్లో ఏనుగు, అడవి దున్నలకు .375 కనీసం. చిన్న తుపాకీతో గాయపరిచి వదిలేస్తారన్న భయం వీటి వెనక ఉంది. ‘మరీ పెద్దది’ అన్న సమస్య ఈ చట్టాలు రాసినవాళ్లకు తట్టలేదు.

పై హద్దు వేరే దారిలో వచ్చింది. అమెరికా ఫెడరల్ చట్టంలో 1968 నుంచి అరంగుళం దాటిన బోరు ఉన్న ఆయుధం విధ్వంసక ఆయుధాల కిందికి వస్తుంది, క్రీడలకు వాడే షాట్‌గన్‌ల లాంటివి మినహా. .50 గుండు వ్యాసం 0.510 అంగుళం. మరి అది ఎలా తప్పించుకుంది? రైఫిల్ గొట్టం లోపల గుండును తిప్పడానికి మెలికలుగా గాళ్లు చెక్కి ఉంటాయి. గాడి అడుగు నుంచి ఎదుటి గాడి అడుగుకు కొలిస్తే 0.510. గాళ్ల మధ్య మిగిలిన గట్టు నుంచి ఎదుటి గట్టుకు కొలిస్తే సరిగ్గా 0.500. బోరు అంటే రెండో కొలత. కాగితం మందం తేడాతో .50 మామూలు రైఫిళ్ల వరసలో నిలిచింది.

కాలిఫోర్నియా 2004లో చట్టం చేసి, 2005 నుంచి .50 బీఎంజీ రైఫిళ్లను నిషేధించింది. వాదన వేట గురించి కాదు. విమానాలు, ఇంధన ట్యాంకుల భద్రత గురించి. 2022లో న్యూజెర్సీ, 2023లో ఇలినాయ్ కూడా .50 రైఫిళ్ల మీద ఆంక్షలు పెట్టాయి. 2005లోనే .416 బారెట్ తూటా వచ్చింది. .50 ఖోళీనే కురచ చేసి, మెడ బిగించి, .416 గుండు పెడితే అది తయారవుతుంది. చాలా దూరాల్లో గురి విషయంలో .50కి తీసిపోదు. పేరు చూసి నిషేధిస్తే పక్క పేరుతో వస్తుందని చెప్పడానికి ఇది చాలు.

ఐడహో ఇంకో దారి పట్టింది. అక్కడ పెద్ద జంతువుల వేటకు వాడే తుపాకీ, స్కోపు, పట్టీ అన్నీ కలిపి 16 పౌండ్లు దాటకూడదు. బోరు ఏదైనా సరే. దీంతో .50లు దాదాపు అన్నీ వాటంతటవే బయటికి పోతాయి. 1870ల బరువైన షార్ప్స్ తూకం కూడా పదహారు పౌండ్లేనని గుర్తుచేసుకుంటే నవ్వొస్తుంది. అధికారి వేటగాడి రైఫిల్‌ను తక్కెడకు తగిలించి తూచగలడు. పడిన ఎల్క్‌ను చూసి అది 300 గజాల షాటా, 1,100 గజాల షాటా చెప్పలేడు. బోరు, బరువు, పరికరం, ఇలా కొలవగలిగిన వాటి మీదే చట్టాలు రావడానికి కారణం అదే.

ఇది వేటేనా

బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ఈ విషయంలో ఇన్ని గజాలు అని గీత గీయలేదు. తన పరికరం ఎంత దూరం కొడుతుందో ప్రాణమున్న జంతువు మీద పరీక్షించడమే ఉద్దేశమైతే దాన్ని వేట అనలేమని దాని వైఖరి. దూరపు షూటర్లు చెప్పేది వేరు. సాధన చేసినవాడికి 700 గజాలు, సాధన లేనివాడికి 150 గజాల కంటే సురక్షితమని వాళ్ల మాట. అందులో నిజముంది. అయితే సాధన ఉందో లేదో చెప్పుకునేది ఎవరికి వారే. వెయ్యి గజాలకు గుండు తీసుకునే 1.3 సెకన్లు సాధన ఉన్నవాడికీ తగ్గవు.

అమెరికాలో వేట నైతిక సమస్యే కాదు, డబ్బు సమస్య కూడా. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాల మీద 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు రాష్ట్రాలకు పోతుంది. ఖరీదైన రైఫిలు, ఖరీదైన తూటా కొనేవాడు ఆ నిధికి ఎక్కువ కడుతున్నట్టే. అందుకే వేట శాఖలు ఈ వర్గాన్ని పూర్తిగా దూరం చేసుకోవడానికి తొందరపడవు.

మనవాళ్లకు సంబంధించినంత వరకు

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ తర్వాత సరదా వేట అనేది లేదు. పంటలు పాడుచేసే అడవిపందుల లాంటి జంతువుల విషయంలో రాష్ట్రాల అనుమతితో, షరతులతో జరిగే కాల్పులు మాత్రమే మిగిలాయి. అవి దగ్గరి దూరాల పని. సైన్యం వాడిన .303 బోరు పౌరులకు నిషిద్ధం. అందుకే మన ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ లైసెన్సుదారుల కోసం .315 చేస్తుంది. పేరులోని అంకెల్లో, అంగుళంలో పన్నెండు వెయ్యో వంతుల తేడాతో చట్టం దాటడం ఇక్కడా ఉందన్నమాట.

అమెరికాలో హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్న తెలుగువాళ్లు మాత్రం ఒక సంగతి తెలుసుకోవాలి. అలాంటి వీసాదారులు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందుకు ఒక మినహాయింపు. స్నేహితుడి రైఫిల్‌తో రేంజ్‌లో ఫొటో దిగడం కూడా ఈ లెక్కలోకి రావచ్చు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, ఉల్లంఘిస్తే అది నేరమే, వీసా మీదికీ వస్తుంది.

ఇక ముందు

.50 రైఫిల్ వేటలో ఎప్పుడూ కొద్దిమందిదే, అలాగే ఉండేలా ఉంది. వెయ్యి గజాల రేంజ్‌లో ఇనుప పలక మీద టంగుమనిపించడానికి దానికి పోటీ లేదు. కొండ మీద మాత్రం బరువు, ధర, గుండ్ల కొరత దాన్ని వెనక్కి లాగుతున్నాయి. రైఫిల్ కంపెనీలు తేలికపాటి, సన్నని, పొడవైన గుండ్ల తూటాల వైపు పోతున్నాయి. ఇవి .50 అంత శక్తి ఇవ్వవు, కానీ 600, 700 గజాల దాకా మామూలు మనిషిని తీసుకెళ్తాయి. గాయపడి పారిపోయే జంతువుల లెక్కలో తేడా తెచ్చేది ఈ మామూలు మనిషే, .50 మోసుకొచ్చే ఒకరిద్దరు కాదు.

రాష్ట్రాల చూపు కూడా గొట్టం నుంచి అద్దం వైపు తిరుగుతోంది. రైఫిల్‌కు తగిలించిన కంప్యూటరే గురి లెక్కగట్టి కాల్చే ‘స్మార్ట్ రైఫిళ్ల’ను వేటలో కొలరాడో ఒప్పుకోదు. ఉటా 2024లో, మూతి నుంచి మందు దట్టించే పాతకాలపు తరహా తుపాకుల మీద దూరాన్ని దగ్గరగా చూపే స్కోపులను పెట్టొద్దని నిర్ణయించింది. ఆ తుపాకుల్లో చాలావాటి బోరు సరిగ్గా .50. దాన్నెవరూ ముట్టుకోలేదు, పైనున్న అద్దం తీసేయమన్నారు. అద్దం లేకపోతే వేటగాడు తనంతట తానే వంద, నూటయాభై గజాల్లోకి నడిచి వెళ్తాడని వాళ్ల లెక్క.